కుక్క కీళ్లకు ‘సహజ’ సప్లిమెంట్లు: డబ్బా మీద ఉన్నదెంత, కీలుకు అందేదెంత

ఏడెనిమిదేళ్లు దాటిన లాబ్రడార్ పొద్దున లేచేటప్పుడు ముందుకాళ్ల మీద లేచి, కాస్త ఆగి, వెనక భాగాన్ని పైకి లాక్కుంటుంది. మెట్ల దగ్గర నిలబడి ఆలోచిస్తుంది. ఒక్క గెంతులో కారెక్కేది, ఇప్పుడు ఎత్తి కూర్చోబెట్టమన్నట్టు చూస్తుంది. ఇంట్లోవాళ్లు ఇది గమనించిన వారంలోపే సలహాలు వచ్చిపడతాయి. పెట్ షాపులో గ్లూకోసమైన్ డబ్బా ఇస్తారు. పక్క ఫ్లాటువాళ్లు పసుపులో మిరియాలపొడి కలిపి పెట్టమంటారు. ఇంట్లో పెద్దావిడ కోడికాళ్ల సూపు కాచమంటుంది. మందుల షాపతను చేపనూనె గుళికలు చేతిలో పెడతాడు. అన్నీ ‘సహజమే’, దేనికీ ‘సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు’.

ఈ నాలుగూ ఒక జాతివి కావు. ఒకటి చేసే పని ఇంకొకటి చేయదు, ఒకదానికున్న ఆధారం ఇంకొకదానికి లేదు. విచిత్రమేమిటంటే, షాపులో అన్నిటికంటే ముందు చేతికొచ్చే డబ్బాకే ఆధారం బలహీనం. చేపనూనెకు ఆధారం ఉంది, కానీ మామూలుగా ఇచ్చే మోతాదు పనిచేసే మోతాదులో పదోవంతు కూడా ఉండదు.

‘గుజ్జు అరిగింది’ అన్నప్పుడు లోపల జరిగేది

మోకాళ్ల నొప్పుల మాట వస్తే ‘గుజ్జు అరిగిపోయింది’ అంటాం. ఆ ఒక్క మాటలో రెండు వేరువేరు వస్తువులు కలిసిపోయాయి. ఒకటి ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నటి పొర, అంటే మృదులాస్థి. రెండోది కీలు సంచిలో ఉండే జిగట ద్రవం. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. దానికి పోషణ ఆ ద్రవం నుంచే అందాలి. కుక్క నడుస్తున్నప్పుడు పొర నొక్కుకుని వదులవుతూ ఉంటే ద్రవం లోపలికీ బయటికీ పోతుంటుంది. నొప్పి ఉందని రోజంతా పడుకోబెడితే కీలుకు మేలు జరగకపోవడానికి కారణం ఇదే.

రక్తప్రసారం లేనిచోట దెబ్బ తగిలితే పూడడం చాలా తక్కువ. నరాలు లేవు కాబట్టి నొప్పి అక్కడ పుట్టదు. కీలు సంచి లోపలి పొర వాచినప్పుడు, మృదులాస్థి అడుగున ఉన్న ఎముక మీద భారం పడినప్పుడు నొప్పి పుడుతుంది. కాబట్టి ‘గుజ్జు పెంచేది’ వేరు, ‘వాపు తగ్గించేది’ వేరు. అరిగిన పొరను తిరిగి మొలిపించినట్టు కుక్కల్లో గట్టి రుజువున్న సప్లిమెంట్ ఏదీ లేదు. చర్చంతా రెండోదాని గురించే.

మనుషుల్లో ఈ జబ్బు, అంటే కీళ్లవాతం, ఎక్కువగా వయసుతో వస్తుంది. కుక్కల్లో చాలావరకు కీలు నిర్మాణంలోని లోపంతో మొదలవుతుంది. తుంటి గిన్నెలో బంతి వదులుగా కూర్చుంటే దాన్ని హిప్ డిస్‌ప్లేసియా అంటారు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్, గోల్డెన్ రిట్రీవర్ జాతుల్లో ఇది మామూలు. చిన్నగా కనిపించే పగ్ కూడా దీనికి మినహాయింపు కాదు. పామరేనియన్ లాంటి చిన్న జాతుల్లో మోకాలి చిప్ప పక్కకు జారుతుంది. మోకాలి లోపలి లిగమెంట్, అంటే ఎముకలను కలిపి కట్టి ఉంచే పట్టీ, తెగడం ఇంకో పెద్ద కారణం. వదులైన కీలు ప్రతి అడుగుకీ ఒరుసుకుంటుంది, ఆ ఒరిపిడికి వాపు, వాపుకు నొప్పి. ఏ పొడి తిన్నా వదులైన గిన్నె బిగుసుకోదు, తెగిన లిగమెంట్ అతుక్కోదు.

మందుకూ తిండికీ మధ్య

కార్‌ప్రోఫెన్, మెలాక్సికామ్ లాంటివి నొప్పీ వాపూ తగ్గించే మందులు. అమ్మకానికి రావాలంటే అవి పనిచేస్తాయనీ, చెప్పిన మోతాదులో భద్రమేననీ ముందే చూపించాలి. సప్లిమెంట్‌కు ఆ పరీక్ష లేదు. అమెరికాలో మనుషుల సప్లిమెంట్ల కోసం 1994లో ఒక చట్టం చేశారు. జంతువుల ఉత్పత్తులకు అది వర్తించదని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ తర్వాత తేల్చింది. మన దగ్గర దొరికే చాలా డబ్బాల మీద ‘ఫీడ్ సప్లిమెంట్, వైద్యానికి కాదు’ అన్న అర్థం వచ్చే చిన్న అక్షరాల వాక్యం ఉంటుంది. పెద్ద అక్షరాల్లో గెంతుతున్న కుక్క బొమ్మ ఉంటుంది. చట్టం దృష్టిలో లెక్కకొచ్చేది ఆ చిన్న అక్షరాలే.

‘సహజం’ అన్న మాట ఆ పదార్థం ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రమే చెబుతుంది. ఉల్లిపాయ సహజమే, ద్రాక్ష సహజమే. కుక్కకు రెండూ విషమే.

గ్లూకోసమైన్: పేరెక్కువ, పని తక్కువ

గ్లూకోసమైన్ ఒక చిన్న చక్కెర అణువు. కాండ్రాయిటిన్ పొడవాటి గొలుసు. రెండూ మృదులాస్థిలో ఉండే సరుకులే. గ్లూకోసమైన్‌ను ఎక్కువగా రొయ్యల, పీతల పెంకుల్లోని కైటిన్ నుంచి తీస్తారు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ఫ్యాక్టరీల్లో తలలూ పెంకులూ కుప్పలుగా మిగులుతాయి. ఆ జాతి వ్యర్థమే శుద్ధిచేస్తే కీళ్ల పొడిలోకి వెళ్లే ముడిసరుకు. కాండ్రాయిటిన్‌ను ఆవుల, పందుల శ్వాసనాళాల మృదులాస్థి నుంచో, సొరచేప నుంచో తీస్తారు. శాకాహార ఇళ్లవాళ్లు కొనేముందు తెలుసుకోవలసిన సంగతి ఇది.

వాదం వినడానికి బాగుంటుంది. మృదులాస్థి దేనితో తయారైందో అదే తినిపిస్తే మృదులాస్థి పెరుగుతుంది కదా? ఇటుకల లారీ వీధి చివర దింపినంత మాత్రాన గోడ లేవదు. బీగిల్ కుక్కల మీద జరిపిన కొలతల్లో, నోటి ద్వారా ఇచ్చిన గ్లూకోసమైన్‌లో సుమారు 12 శాతమే రక్తంలోకి చేరింది. కాండ్రాయిటిన్ ఇంకా తక్కువ. చేరినది ఒళ్లంతా పంచుకోవాలి, అందులో కీలు వాటా ఎంతో ఊహించుకోవచ్చు.

వాదాలు పక్కనపెట్టి పరీక్షలు చూస్తే, రెండు వైపులా మాట్లాడినవి ఉన్నాయి. 2007లో ప్రచురితమైన ఒక పరీక్షలో 35 కుక్కలకు కొన్నిటికి కార్‌ప్రోఫెన్, కొన్నిటికి గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్‌ల మిశ్రమం ఇచ్చారు. మిశ్రమం తిన్న కుక్కలు ఆలస్యంగానైనా 70వ రోజుకు మెరుగయ్యాయని వైద్యుల అంచనా. సమర్థించేవాళ్లు చూపించేది ఇదే. దానికి ముందు 2003లో కెనడాలో 71 కుక్కల మీద జరిగిన పరీక్షలో కార్‌ప్రోఫెన్, మెలాక్సికామ్ పనిచేసినట్టు కనబడింది, గ్లూకోసమైన్ మిశ్రమానికి ఫలితం కనబడలేదు. ఆ పరీక్షలో కాలు నేలను ఎంత బలంగా నొక్కుతోందో యంత్రంతో కొలిచారు. తేడా కుక్కల్లో కంటే కొలతలో ఉంది. కంటితో చూసి వేసిన మార్కుల్లో మెరుగు కనబడుతుంది, యంత్రం మీద నడిపిస్తే మాయమవుతుంది.

2022లో మాంట్రియల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కుక్కల, పిల్లుల కీళ్లవాతం మీద వచ్చిన 72 ప్రయోగాలను ఒకచోట పెట్టి తూచారు. చేపనూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలకు నొప్పి తగ్గించే గుణం స్పష్టంగా కనబడింది, మృదులాస్థిలోని ప్రోటీన్ అయిన కొల్లాజెన్‌కు అంతకంటే బలహీనంగా కనబడింది. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్‌లు పనిచేయవన్నదే తేలింది. కీళ్లవాతం నొప్పికి వాటిని ఇక సిఫారసు చేయనక్కర్లేదని రాశారు. మనుషుల్లో 2006లో 1,583 మందితో జరిగిన పెద్ద అమెరికన్ పరీక్ష కూడా మొత్తం మీద ఉత్తుత్తి మాత్ర (పోలిక కోసం ఇచ్చే, మందు లేని మాత్ర) కంటే మెరుగేమీ చూపలేదు. నొప్పి ఎక్కువగా ఉన్న ఒక చిన్న గుంపులో మాత్రం కొంత ఆశ మిగిల్చింది.

మరి పశువైద్యులు ఇంకా ఎందుకు రాస్తున్నారు? వాళ్ల వాదనలో పస లేకపోలేదు. హాని చాలా అరుదు, మూత్రపిండాలు బలహీనమై నొప్పి మాత్రలు ఇవ్వలేని కుక్కకు చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి, ఏమీ రాయకపోతే యజమాని మందుల షాపుకెళ్లి మనుషుల నొప్పి మాత్ర కొంటాడు. చివరిది నిజంగా భయపడాల్సిందే: ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు పెట్టి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. అవతలివాళ్ల మాట ఇది: మూడు నెలలు పొడి మీద నమ్మకం పెట్టుకుంటే, ఆ మూడు నెలలూ కుక్క నొప్పి భరిస్తూనే ఉంటుంది. నాకు ఈ రెండో వాదనే బరువుగా తోస్తుంది. నొప్పికి సరైన చికిత్స నడుస్తూ ఉండగా పక్కన పొడి కూడా వేస్తే ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు.

లేబుల్‌లో ఇంకో మెలిక. ‘గ్లూకోసమైన్ హైడ్రోక్లోరైడ్ 500 మి.గ్రా.’ అంటే అందులో అసలు గ్లూకోసమైన్ సుమారు 415 మి.గ్రా. ‘గ్లూకోసమైన్ సల్ఫేట్ పొటాషియం క్లోరైడ్ 500 మి.గ్రా.’ అయితే సుమారు 295 మాత్రమే, మిగతాది లవణం బరువు. రెండు డబ్బాల మీదా అంకె 500 అనే ఉంటుంది. 2000లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంవారు మనుషుల కోసం అమ్మే ఇలాంటి ఉత్పత్తులను పరీక్షిస్తే, లేబుల్ మీద రాసినదానిలో సున్నా నుంచి 115 శాతం దాకా దొరికింది. సున్నా అంటే అచ్చంగా సున్నాయే.

చేపనూనె: పనిచేసేదే, లెక్క వేస్తేనే

చేపనూనెలో పనికొచ్చేవి రెండు ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు, ఈపీఏ, డీహెచ్ఏ. కణాల గోడల్లో వాపును రగిలించే ఒమేగా-6 అనే ఇంకో రకం కొవ్వు ఆమ్లాల స్థానంలోకి ఇవి మెల్లగా చేరతాయి. అప్పుడు ఆ కణాలు తయారుచేసే వాపు రసాయనాల ఉధృతి తగ్గుతుంది. చేరడానికి వారాలు పడుతుంది కాబట్టి రెండు రోజుల్లో ఫలితం వెతకడం దండగ, ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చు. ఈ ఆమ్లాలు దండిగా ఉన్న ఆహారం తిన్న కుక్కలకు కార్‌ప్రోఫెన్ మోతాదు తగ్గించగలిగినట్టు 2010లో వచ్చిన ఒక అమెరికన్ పరీక్ష చూపింది.

అసలు చిక్కు మోతాదులో ఉంది. కీళ్లవాతానికి పశువైద్య పోషణ సాహిత్యంలో ఎక్కువగా ఉదహరించే లెక్క ఇది: కుక్క బరువును కిలోల్లో తీసుకుని, దాన్ని 0.75 ఘాతానికి పెంచి, 310తో గుణించాలి. వచ్చేది రోజుకు కావలసిన ఈపీఏ, డీహెచ్ఏల మొత్తం, మిల్లీగ్రాముల్లో. ఫోనులోని కాల్క్యులేటర్‌లో ఘాతం మీట లేకపోతే, బరువును మూడుసార్లు గుణించుకుని (10 అయితే 1,000) వర్గమూలం మీట రెండుసార్లు నొక్కితే అదే అంకె వస్తుంది.

పది కిలోల కుక్కకు ఆ అంకె 5.62, మోతాదు సుమారు 1,740 మి.గ్రా. ముప్పై కిలోల లాబ్రడార్‌కు 12.82, మోతాదు సుమారు 3,970. బరువు మూడింతలైతే మోతాదు రెండింతలకు కాస్త పైన మాత్రమే పెరిగిందని గమనించండి. అందుకే ‘పది కిలోలకు ఇన్ని’ అని సూటిగా గుణించుకుంటూ పోతే పెద్ద కుక్కకు ఎక్కువైపోతుంది. ఎక్కువకూ హద్దుంది. అమెరికా జాతీయ పరిశోధన మండలి పెట్టిన భద్రమైన గరిష్ఠం ఇదే సూత్రంలో 370. అంటే 30 కిలోల కుక్కకు సుమారు 4,740 మి.గ్రా.

ఇప్పుడు గుళిక వెనక చూడాలి. ముందువైపు ‘ఫిష్ ఆయిల్ 1000 మి.గ్రా.’ అని ఉంటుంది, అది నూనె మొత్తం బరువు. వెనకవైపు మామూలు రకంలో ఈపీఏ 180, డీహెచ్ఏ 120, కలిపి 300. ముప్పై కిలోల కుక్కకు 3,970ని 300తో భాగిస్తే రోజుకు 13 గుళికలు. చాలా ఇళ్లలో పెట్టేది ఒకటి, అంటే కావలసినదానిలో ఎనిమిది శాతం కంటే తక్కువ. ‘చేపనూనె ఇచ్చి చూశాం, ఏమీ తేడా లేదు’ అనేవాళ్లలో చాలామంది కథ ఇదే. గాఢత పెంచిన రకంలో ఒక్కో గుళికకు 600 ఉంటే ఏడు సరిపోతాయి, ధర దానికి తగ్గట్టే ఉంటుంది. కుక్క తినే కిబుల్‌లో (ప్యాకెట్‌లో దొరికే పొడి తిండిలో) ఇప్పటికే ఈపీఏ ఉంటే దాన్నీ మినహాయించుకోవాలి.

పదమూడు గుళికలంటే 13 గ్రాముల నూనె, దాదాపు 117 కిలోకేలరీలు. ఎక్కువ తిరగని లాబ్రడార్ రోజు తిండిలో ఇది ఇంచుమించు పదోవంతు. తిండి అంత మేర తగ్గించకపోతే కీళ్ల కోసం పోసిన నూనె బరువుగా మారి అదే కీళ్ల మీద కూర్చుంటుంది. మొదటిరోజే పూర్తి మోతాదు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి. పావు వంతుతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచడం మామూలు పద్ధతి. ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చిన చరిత్ర ఉన్న కుక్కకు ఇంత కొవ్వు ప్రమాదం. ఎక్కువ మోతాదులో రక్తం గడ్డకట్టడం కొంత మందగిస్తుంది కాబట్టి ఆపరేషన్‌కు ముందు డాక్టరుకు ఈ సంగతి తెలియాలి.

కాడ్ లివర్ ఆయిల్ దీనికి ప్రత్యామ్నాయం కాదు. అది చేప కాలేయం నుంచి తీసేది, అందులో ఏ, డి విటమిన్లు గాఢంగా ఉంటాయి. ఒమేగా-3 కోసం దాన్ని ఈ మోతాదులో పోస్తే ఆ విటమిన్లు ఒంట్లో పేరుకుని విషమవుతాయి. అవిసె నూనె సంగతి వేరు. అందులో ఉండే ఒమేగా-3 వేరే రకం, దాన్ని ఈపీఏగా మార్చుకునే శక్తి కుక్కకు చాలా తక్కువ. అవిసె గింజలు బొచ్చు మెరుపుకు పనికొస్తాయేమో గానీ కీలు దాకా రావు. కోస్తాలో కవళ్లు అనే సార్డిన్ చేపలు దొరికేవాళ్లు ఉడికించి పెట్టొచ్చు, కాకపోతే ఋతువును బట్టి వాటి కొవ్వు మారుతుంది, కొలత పట్టు దొరకదు. ఉప్పూ కారం ఉల్లీ లేకుండా ఉడికించాలని వేరే చెప్పనక్కర్లేదు. ఇక మన ఎండలు: సీసా మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టకపోతే నూనె మక్కిపోతుంది. మక్కిన నూనె వాసన మనకంటే ముందు కుక్కే పసిగట్టి గిన్నె వదిలేస్తుంది, అలిగిందనుకుంటాం.

పసుపు: మసాలాడబ్బా లెక్క

పసుపులో పనిచేసేది కుర్కుమిన్. దుగ్గిరాల కొమ్మయినా నిజామాబాద్ కొమ్మయినా మామూలు పసుపులో అది ఇంచుమించు 3 శాతం. ఒక చెంచా పొడి 3 గ్రాములనుకుంటే కుర్కుమిన్ 90 మి.గ్రా. అందులోనూ పేగు దాటి రక్తంలో చేరేది అత్యల్పం, చేరినదాన్ని కాలేయం వెంటనే మార్చి బయటికి పంపేస్తుంది. పెరుగన్నంలో చిటికెడు వేస్తే అన్నం పచ్చబడుతుంది, కీలు దాకా ఏదీ పోదు.

అందుకే మిరియాలు. 1998లో బెంగళూరు పరిశోధకులు మనుషులకు కుర్కుమిన్‌తోపాటు మిరియాల్లోని పైపరీన్ ఇస్తే రక్తంలో దాని లభ్యత 20 రెట్లు పెరిగింది. ఎలుకల్లో పెరుగుదల అంతకంటే చాలా తక్కువ, కాబట్టి మనుషుల అంకెను కుక్కకు అతికించడం కుదరదు. పైపరీన్ ఈ పని చేసేది కాలేయం శుద్ధి వేగాన్ని తగ్గించి. ఆ శుద్ధి కుర్కుమిన్‌కు మాత్రమే తగ్గదు. మూర్ఛకో, గుండెకో మందులు వాడుతున్న కుక్కలో ఆ మందుల మట్టం కూడా మారిపోవచ్చు.

కుక్కల్లో జరిగిన పేరున్న పరీక్ష 2003లో బ్రిటన్‌లో వచ్చింది. 60కి పైగా కుక్కల్లో కొన్నిటికి పసుపు సారం, కొన్నిటికి ఉత్తుత్తి మందు ఎనిమిది వారాలు ఇచ్చారు. నేలను నొక్కే బలాన్ని కొలిచే యంత్రం మీద ఉత్తుత్తి మందుకూ దీనికీ తేడా తేలలేదు. పరీక్షించిన వైద్యుల మొత్తం అంచనా మాత్రం పసుపువైపు మొగ్గింది. అక్కడ వాడింది గాఢమైన సారం, వంటింటి పొడి కాదు. పిత్తాశయంలో రాళ్లున్న కుక్కకూ, రక్తం గడ్డకట్టడంలో లోపమున్న కుక్కకూ పసుపు ఎక్కువ మోతాదులో పెట్టకూడదు. రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు రసాయనం కలిపే కల్తీ ఒకటుంది, విడి పొడి రోజూ చెంచాలకొద్దీ పెట్టేటప్పుడు అది చిన్న విషయం కాదు.

కోడికాళ్ల సూపు, 40 మిల్లీగ్రాముల మాత్ర

కొల్లాజెన్ పేరుతో రెండు వేరు వస్తువులు అమ్ముతారు. ఒకటి వేడితోనో ఎంజైమ్‌తోనో విరగ్గొట్టిన పొడి. ఇది గ్రాముల లెక్కన తినిపించే ప్రోటీన్. రెండోది విరగ్గొట్టకుండా, సహజమైన మెలిక చెడకుండా కోడి రొమ్ము మృదులాస్థి నుంచి తీసిన రెండో రకం కొల్లాజెన్. దీన్ని రోజుకు 40 మిల్లీగ్రాములే ఇస్తారు. అంత కొంచెం ఎందుకంటే అది కట్టుబడి సరుకుగా పనిచేయదు. పేగు గోడలోని రోగనిరోధక కణాలకు ఆ మెలికను రోజూ కొంచెం పరిచయం చేస్తే, కీలులోని అదే పదార్థం మీద దాడి తగ్గించడం వాటికి అలవాటవుతుందన్నది సిద్ధాంతం. 2019లో ఒక పరీక్షలో ఇది 30 రోజుల్లో రోబెనకాక్సిబ్ అనే నొప్పి మందుకు దగ్గరగా నిలిచింది. ఆశాజనకమే, కాకపోతే ఈ రంగంలో చాలా పరీక్షలు చిన్నవి, తయారీదారుల డబ్బుతో జరిగినవి.

కోడికాళ్లు రెండు గంటలు మరిగిస్తే కొల్లాజెన్ మెలికలన్నీ విప్పుకుపోతాయి. చల్లారితే జెల్లీలా గడ్డకట్టేది ఆ విప్పుకున్న కొల్లాజెనే. అంటే సూపు మొదటి రకానికి చుట్టం, రెండో రకానికి కాదు. రుచికి, నీళ్లు తాగని కుక్కకు నీళ్లు పట్టించడానికి సూపు మంచిదే. ఇంట్లోవాళ్ల కోసం కాచిన మేక కాళ్ల పాయ మాత్రం గిన్నెలో పోయకూడదు. అందులోని ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, ఉడికిన ఎముక ముక్కలు చీలి పేగుకు గుచ్చుకుంటాయి.

మిగతావి, క్లుప్తంగా

శల్లకి చెట్టు జిగురును, అంటే బోస్వెల్లియా సెర్రాటాను, 2004లో స్విట్జర్లాండ్‌లో 29 కుక్కలకు పది కిలోలకు 400 మి.గ్రా. చొప్పున ఆరు వారాలు ఇచ్చి చూశారు. మెరుగు కనబడిందన్నారు గానీ పోల్చడానికి ఉత్తుత్తి మందు గుంపు లేదు. న్యూజిలాండ్ పచ్చ పెదవి ఆల్చిప్పల పొడిలో ఒమేగా-3 కొంత ఉంటుంది, ఫలితాలు అటూ ఇటూగా ఉన్నాయి. మన ఇళ్లలో విరిగిన ఎముకలకు వాడే నల్లేరుకు పేరు పెద్దది, కుక్కల కీళ్లవాతం మీద ఆధారం మాత్రం చేపనూనె దరిదాపుల్లో లేదు. గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ నూనెను 2018లో కార్నెల్ విశ్వవిద్యాలయం కిలోకు 2 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు ఇచ్చి నొప్పి తగ్గిందని చూపింది, కాలేయానికి సంబంధించిన ఒక ఎంజైమ్ పెరగడం కూడా గమనించింది. ఆ సీసాలో మత్తు పదార్థం టీహెచ్‌సీ కలిసి ఉంటే కుక్క తూలిపోతుంది, మూత్రం ఆగదు. ఎంత కలిసిందో తేల్చే ప్రయోగశాల పత్రం లేని సీసా కొనడంలో అర్థం లేదు.

కాల్షియం సిరప్: కీళ్లను చెడగొట్టే టానిక్

కీళ్ల జాబితాలో కాల్షియం లేకపోయినా, మన దగ్గర కుక్కపిల్ల కొన్నరోజే ఇంటికొచ్చే సీసా అదే. ‘కాళ్లు గట్టిపడతాయి’ అంటారు. పెద్ద జాతి పిల్లలు పేగులోకి వచ్చిన కాల్షియంను కావలసినంతే పీల్చుకుని మిగతాది వదిలేయలేవు. ఎక్కువ పెడితే ఎక్కువే ఒంటబడుతుంది. గ్రేట్ డేన్ పిల్లలకు అధిక కాల్షియం పెట్టి నెదర్లాండ్స్‌లో 1980లలో చేసిన ప్రయోగాల్లో ఎముకలు వంకరపోయాయి, మృదులాస్థి ఎముకగా మారే క్రమం చెడింది. పెద్ద జాతి పిల్లల ఆహారంలో కాల్షియం తేమ తీసిన లెక్కన 1.8 శాతం మించకూడదని అమెరికా పశు ఆహార ప్రమాణం. ప్యాకెట్ కిబుల్ తినే లాబ్రడార్ పిల్లకు ఇంకా సిరప్ పోయడమంటే ఆ గీత వైపు నెట్టడమే.

దీనికి రెండో ముఖం ఉంది. కిబుల్ లేకుండా పెరుగన్నం, చికెన్ ముక్కలతో పెరిగే పిల్లకు కాల్షియం నిజంగానే చాలదు. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం అతి తక్కువ. ఆ పిల్లకు లోటు పూడ్చాలి, అది కూడా తిండి మొత్తం లెక్కగట్టి. ఎదిగిన కుక్క కీళ్ల నొప్పికి మాత్రం ఏ వైపు నుంచి చూసినా కాల్షియంతో పనిలేదు.

బాగయిందని ఎవరు చెప్పాలి

కుక్కకు నమ్మకంతో పనిలేదు కాబట్టి దానికి ఉత్తుత్తి మందు ప్రభావం ఉండదనుకుంటాం. కుక్కకు లేకపోవచ్చు, చూసేవాళ్లకు ఉంటుంది. 2012లో వచ్చిన ఒక అధ్యయనం ఉత్తుత్తి మందు తిన్న 58 కుక్కలను పరిశీలించింది. కాలి బలం కొలిచే యంత్రంలో మార్పు లేకపోయినా కుంటడం తగ్గిందని యజమానులూ చెప్పారు, వైద్యులూ చెప్పారు. పైగా కీళ్లవాతం ఎత్తుపల్లాలతో నడిచే జబ్బు. బాగా నొప్పిగా ఉన్న వారంలోనే డబ్బా కొంటాం, ఆ తర్వాతి వారం ఏమీ పెట్టకపోయినా కాస్త తేలికపడేదే.

ఇంట్లో దీన్ని కొంతవరకు దాటే దారి ఉంది. ఆ కుక్క ప్రత్యేకంగా ఇబ్బందిపడే మూడు పనులు ఎంచుకుంటారు: పడుకున్నచోటి నుంచి లేవడం, రెండో అంతస్తు మెట్లు, సాయంత్రం నడకలో ఎన్ని నిమిషాలకు వెనకపడుతుందన్నది. ఏదీ మొదలుపెట్టక ముందు రెండు వారాలు, వారానికోసారి ఒకే సమయంలో ఫోనులో తీసి సున్నా నుంచి పది దాకా మార్కులు వేస్తారు. తర్వాత ఒక్క సప్లిమెంట్ మాత్రమే, చేపనూనె అయితే పన్నెండు వారాలు. మూడు కలిపి మొదలుపెడితే ఏది పనిచేసిందో, ఏది విరేచనాలు తెచ్చిందో ఎప్పటికీ తేలదు. చివర్లో వీడియోలను తారీఖులు దాచి, రోజూ కుక్కను చూడని బంధువుకు చూపిస్తే ఇంకా మంచిది. వాళ్లకు ఆశ ఉండదు.

బరువు అనే ‘సప్లిమెంట్’

డబ్బాలో దొరకదు గనక దీన్ని ఎవరూ అమ్మరు. అమెరికాలో 48 లాబ్రడార్లను జతలుగా విడదీసి, ప్రతి జతలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ తిండి పెట్టి జీవితాంతం గమనించారు. తుంటి కీలులో ఎక్స్‌రేకు దొరికే అరుగుదల మామూలుగా తిన్న గుంపులో సగటున 6వ ఏట, తక్కువ తిన్న గుంపులో 12వ ఏట కనబడింది. మధ్యస్థ ఆయుష్షు 11.2 ఏళ్ల నుంచి 13కి పెరిగింది. సప్లిమెంట్లలో దీని పక్కన నిలబడగలిగే ఫలితం ఒక్కటీ లేదు. జబ్బు వచ్చాక కూడా ఆలస్యం కాదు. 2010 నాటి ఇంకో అధ్యయనంలో లావుగా ఉన్న కుక్కలు ఒంటి బరువులో 6.1 శాతం తగ్గేసరికే కుంటడం చెప్పుకోదగినంత తగ్గింది.

ముప్పై కిలోలు ఉండాల్సిన లాబ్రడార్ 36 ఉందనుకోండి. 6.1 శాతం అంటే 2.2 కిలోలు, అంతే. బరువు తగ్గించేటప్పుడు పెట్టే తిండిని చేరవలసిన బరువును బట్టి లెక్కిస్తారు: పైన ముప్పై కిలోలకు వచ్చిన 12.82ను 70తో గుణిస్తే సుమారు 900 కిలోకేలరీలు. టీ వేళ ఇచ్చే గ్లూకోజ్ బిస్కెట్లు ఒక్కోటి 20, 25. ఆరు పెడితే రోజు తిండిలో ఏడోవంతు అక్కడే పోయింది. పైన చెప్పిన 117 కిలోకేలరీల చేపనూనె కూడా ఈ 900లోనే ఇమడాలి, పైన చేర్చేది కాదు. ఇక పాలిష్ చేసిన గ్రానైట్, టైల్స్ నేల మీద వెనకకాళ్లు జారే కుక్కకు, అది తిరిగే దారిలో రబ్బరు చాపలు పరిచి, గోళ్లు కత్తిరించి, పాదాల మధ్య బొచ్చు తీసేస్తే కొన్ని రోజుల్లోనే నడకలో ధైర్యం వస్తుంది.

అరుగుదల కానిది అరుగుదలలా కనిపిస్తే

కీళ్లవాతం మెల్లగా వస్తుంది. ఒక్కరోజులో కాలు పైకెత్తేసిన కుక్కకు లిగమెంట్ తెగి ఉండొచ్చు. పెద్ద జాతిలో ఒకే కాలి ఎముక దగ్గర గట్టి వాపు పెరుగుతూ, నొప్పి రోజురోజుకూ ఎక్కువవుతుంటే ఎముక క్యాన్సర్ కాదని ఎక్స్‌రేతో తేల్చుకోవాలి. మన ప్రాంతంలో అన్నిటికంటే తరచుగా దారి తప్పించేది పిడుదులు (గోమార్లు) కుట్టడం వల్ల వచ్చే జ్వరం, అంటే టిక్ ఫీవర్. ఎర్లీకియా అనే సూక్ష్మజీవి ఒకేసారి పలు కీళ్లను వాచేలా చేస్తుంది, కుక్క ఈరోజు ఒక కాలు, రేపు ఇంకో కాలు కుంటుతుంది. జ్వరం, తిండి మానేయడం, రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోవడం తోడుంటాయి. అలాంటి సమయంలో చేపనూనె, పసుపు పెద్ద మోతాదుల్లో ఇవ్వడం ఉన్న కొద్ది ప్లేట్‌లెట్ల పనినీ మందగింపజేయడమే.

ఆ జ్వరానికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సాధారణంగా నాలుగు వారాలు రాస్తారు. చాలా కుక్కలు రెండు మూడు రోజుల్లోనే తేరుకుని లేచి తిరుగుతాయి. ఆ ముందు వారమే కీళ్ల పొడి డబ్బా మొదలుపెట్టిన ఇంట్లో పేరంతా దానికే పోతుంది, అక్కడి నుంచి పక్క ఫ్లాటుకూ చేరుతుంది.